సరంగు గీత

"మనం పొగ వదిలితే సముద్రం పెరుగుతుందా? నేను పొయ్యి వెలిగిస్తే పక్కింటి బావిలో నీళ్లు పెరుగుతాయా?"

సరంగు ప్రశ్నకి హాలంతా గొల్లుమంది. అతను మాత్రం నవ్వలేదు. చేతికర్ర నేలకు ఆనించి, వేదిక మీదున్న మేనకోడలి వైపే చూస్తున్నాడు.

తల నెరిసేదాకా రేవులో లాంచీ నడిపిన మనిషి. రిటైరైనా అందరికీ ఇంకా సరంగే. మేనకోడలు వాతావరణ శాఖలో శాస్త్రవేత్త. సముద్రం పెరుగుతోందని, రేవు వీధిని మొత్తంగా మెట్ట మీదికి తరలించాలని నివేదిక తెచ్చింది. మెట్ట మీద స్థలం సిద్ధంగా ఉంది. ఇవాళ వీధిలో సగం మందైనా చేతులెత్తకపోతే ఆ స్థలం వేరే ఊరివాళ్లకి ఇచ్చేస్తారు.

"పాలు వేడెక్కితే పొంగవా మావయ్యా?" అంది మేనకోడలు.

"పాల కింద మంట ఉంటుందే తల్లీ. సముద్రం కింద ఎవరు పెట్టారు?"

"కింద కాదు, పైన. మన ఇంజన్లూ ఫ్యాక్టరీలూ వదిలిన పొగే దుప్పటిలా కప్పుకుంది. లోపలి వేడి బయటికి పోవట్లేదు."

"దుప్పటి కప్పుకుంటే నాకు హాయిగా నిద్ర పడుతుందమ్మా," అన్నాడు వెనక బెంచీలోంచి టైలరు.

మళ్లీ నవ్వులు. ఆమె అవి తగ్గేదాకా ఆగింది.

"పోయిన తుఫానుకి బడిలోకి నడుం లోతు నీళ్లొచ్చాయి. సెలవు రోజు కాబట్టి పిల్లలు లేరు. తుఫాను ప్రతిసారీ సెలవు చూసుకునే వస్తుందా?"

ఎవరో తల్లి ఒడిలో బిడ్డను ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

సరంగు భార్య లేచి, మంచినీళ్ల గ్లాసు తీసుకెళ్లి మేనకోడలి ముందు పెట్టింది.

"అవతలి పార్టీకి నీళ్లందిస్తున్నావా?" అన్నాడు సరంగు.

"గొంతు ఆరిపోయిందండీ పాపం. మీకూ తెస్తానుండండి."

సరంగు కర్ర ఎత్తి కిటికీలోంచి రేవు వైపు చూపించాడు.

"తుఫాను సంగతి వేరు, సముద్రం సంగతి వేరు. ఆ రేవు స్తంభం మీద నా గీత ఉంది. మా పెళ్లయిన ఏడు గీశాను. పెద్ద పోటుకి నీళ్లు అప్పుడూ దాని అంచుకే తగిలేవి, ఇప్పుడూ అంతే. నేను రిటైరైన ఏడు మాత్రం గీత మునిగింది. 'సరంగు లెక్క తప్పింది' అని రేవంతా నవ్వింది. నాకు అన్నం సహించలేదు, మంచం దిగలేదు. మరి మరుసటేడు? బుద్ధిగా గీత దగ్గరికి దిగొచ్చాయి! పెరగడం, తగ్గడం దాని నైజం. దాన్ని పెంచడానికి మనిషెంత?"

చప్పట్లు మోగాయి.

"మా పరికరాలు అలా చెప్పట్లేదు మావయ్యా."

"నీ పరికరాలు నిన్న పుట్టాయి. నా గీత నీకంటే పెద్దది."

ఆమె ముఖం ఎర్రబడింది. "ఇవాళ పున్నమి. ఇంకాసేపట్లో పెద్ద పోటు. అందరం వెళ్లి చూద్దాం. ఆ గీత నిజంగా అప్పటిదే అయితే మునిగి తీరాలి."

"మునిగితే తరలిపోదామని మొదటి చెయ్యి నేనే ఎత్తుతాను. మునగకపోతే?"

"నివేదిక సంచిలో పెట్టుకుని వెళ్లిపోతాను."

"ఎందుకే తల్లీ ఈ పందేలు!" అంది సరంగు భార్య. "కూర్చుని మాట్లాడుకోండి." ఆమె మాట కుర్చీల చప్పుడులో కలిసిపోయింది.

వీధి వీధంతా రేవు మీదికి చేరింది. సరంగుకి మోకాళ్ల నొప్పులు. కిందికి దిగే మెట్ల దగ్గరే ఆగి, భార్య భుజం మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాడు. ఎదురుగా స్తంభం మీద తెల్లటి గీత ఎండకు మెరుస్తోంది.

నీళ్లు ఎక్కుతున్నాయి. అల వచ్చినప్పుడల్లా జనం మెడలు సాచారు. మేనకోడలు కళ్లార్పడం లేదు. సభ పెట్టించిన మున్సిపల్ చైర్మన్ సిగరెట్టు వెలిగించడం మరిచిపోయి అలాగే పట్టుకున్నాడు.

జానెడు. బెత్తెడు. వేలెడు.

నీళ్లు గీత అంచును తాకాయి. ఆగాయి. కాసేపు అక్కడే ఊగిసలాడి, మెల్లగా వెనక్కి మళ్లాయి.

రేవంతా ఈలలు, కేకలు. టైలరు గాల్లోకి టోపీ ఎగరేశాడు.

"తరలిపోదామనేవాళ్లు చేతులెత్తండి," అన్నాడు చైర్మన్, మాట వరసకి.

ఒక్క చెయ్యీ లేవలేదు. మేనకోడలు నివేదిక మడిచి సంచిలో పెట్టుకుంది. జిప్పు లాగి, కళ్లు తుడుచుకుంది. సరంగుకి మనసు చివుక్కుమంది.

"ఏడవకే పిచ్చిదానా. ఇంటికి పద, అత్తయ్య అన్నం పెడుతుంది."

అంతలో అతని చేతి కింద భుజం కదిలింది. తిరిగి చూశాడు. భార్య చెయ్యెత్తి ఉంది.

జనమంతా ఆమె వైపు తిరిగారు.

"మతి పోయిందా నీకు?" అన్నాడు సరంగు. "కళ్లారా చూశావుగా! ఆ ఏడు ఎక్కిన నీళ్లే మరుసటేడు దిగలేదూ?"

ఆమె ఎత్తిన చెయ్యి దించకుండానే, అతనికి మాత్రమే చెబుతున్నట్టు మెల్లగా అంది.

"ఆ ఏడు దిగింది నీళ్లు కాదండీ, మీరు అన్నం మానేసి పడుకున్నారని నేనే పాత గీత గీకేసి, నీటి తడి ఎక్కడిదాకా ఉందో అక్కడ కొత్తది గీశాను, అప్పట్నుంచీ ఏటా కాస్త పైకి జరుపుతూనే ఉన్నాను."