ఒక్క వాక్యం తక్కువ

“ఈ హెల్ప్ రాసింది ఎవరు బిడ్డా?”

తలుపు దగ్గర నిలబడి అడిగిన మనిషి వైపు మహిపాల్ చిరాగ్గా చూశాడు. యాభై దాటిన వయసు, భుజానికి పాత ల్యాప్‌టాప్ సంచి.

“నేనే. ఏం గావాలె?”

ఆ మనిషి కాసేపు అతన్నే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత చిన్నగా నవ్వాడు.

“నా పేరు సుందర్ రావు. డోర్నకల్ నుంచొచ్చిన. జర ఒక్క లైను చూస్తవా?”

హన్మకొండలో ఒక మేడ మీద నడిచే ఆ చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో మహిపాల్ ప్రోగ్రామర్. ఒక డిస్కులో ఉన్నదాన్ని ఇంకో డిస్కులో భద్రంగా దాచే టూల్ వాళ్లు తయారుచేస్తారు. దానికి బటన్లూ బొమ్మలూ ఉండవు, నల్ల తెర మీద కమాండ్ టైప్ చేయాలి. ఏ కమాండ్ ఏం చేస్తుందో తెలియకపోతే ‘హెల్ప్’ అని కొడితే వివరం వస్తుంది. ఆ వివరం రాసిన ఘనత మహిపాల్‌దే.

సాయంత్రం కొత్త వెర్షన్ విడుదల. సరిగ్గా ఇలాంటప్పుడే వస్తారు ఇలాంటివాళ్లు అని లోపల విసుక్కున్నాడు.

సుందర్ రావు ల్యాప్‌టాప్ తెరిచి తెర మీద వేలు పెట్టాడు. ‘మిర్రర్: రెండు డిస్కులను ఒకేలా చేస్తుంది’ అని ఇంగ్లీషులో ఉంది.

“ఏది జూసి ఏది మారుతది?”

“మొదలు రాసిన డిస్కు జూసి రెండోది మారుతది.”

“ఆ ముచ్చట ఈడ రాయలే గదా.”

“పనిజేసేటోళ్లకు ఎరుకే ఉంటది సార్.”

“ఎరుక లేనోడే గద బిడ్డా హెల్ప్ చదివేది.”

మహిపాల్‌కు కోపం వచ్చింది.

“ఖాళీ డిస్కు పేరు ముందు కొడితే ఏమైతది?” మళ్లీ అడిగాడు సుందర్ రావు.

“నిండుది గూడ ఖాళీ అయితది. అట్ల ఎవలు కొడ్తరు సార్? మీదేమన్న పోయిందా?”

“పోయింది నాది కాదు.”

ఆ గొంతులో ఏదో ఉంది. మహిపాల్ పట్టించుకోలేదు.

“ఒక్క వాక్యం రాయి బిడ్డా. ముందు రాసింది ఉంటది, తర్వాత రాసిన దాంట్లది పోతది అని. ఇయ్యాల్నే కొత్తది వస్తాందని మీ సైట్ల చూసి ఉరికొచ్చిన.”

మహిపాల్‌కు అప్పుడు సంగతి అర్థమైనట్టనిపించింది. తప్పులు చూపించి ఉద్యోగం అడిగేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు.

“సార్, ఈడ పోస్టులేం ఖాళీ లెవ్వు. ఉన్నప్పుడు సైట్లనే పెడ్తం.”

సుందర్ రావు మొహం చిన్నబోయింది. అయినా మాట తూలలేదు.

“కొలువు కోసం రాలే బిడ్డా. ఆ లైను యాది మరువకు,” అని మెట్లు దిగి వెళ్లిపోయాడు.

నిజానికి ఆ వాక్యం రాయడం ఎంతసేపు? మహిపాల్ ఫైలు తెరిచాడు కూడా. దారినపోయే మనిషి చెబితే మార్చడమేమిటన్న పంతం అడ్డొచ్చి మూసేశాడు. కొత్త వెర్షన్ పాత హెల్ప్‌తోనే లోకంలోకి వెళ్లిపోయింది.

నెల తిరక్కముందే పరకాల నుంచి ఫోన్ వచ్చింది.

“సార్, నా పేరు దివ్య. ఫొటో స్టూడియోల పనిజేస్త. మీ హెల్ప్ చదివే మిర్రర్ కొట్టిన. అండ్ల రాసినట్టే రెండు డిస్కులు ఒకే తీర్గ అయినయి. రెండూ ఖాళీ.”

మహిపాల్ కుర్చీలోంచి లేచాడు.

“ఒకాయన వాళ్లమ్మ ఫొటో కోసం వచ్చి కూసున్నడు సార్. ఆమె పొద్దుగాల సచ్చిపోయిందట. ఎవరిదో పెళ్లిల దిగిన ఫొటో ఒక్కటే ఉండె, అది మా దగ్గరనే ఉండె. ఆయనకు ఏం జెప్పాలె?”

మహిపాల్ పోయినవాటిని వెనక్కి తేవడానికి ఆ రోజంతా నానా తంటాలు పడ్డాడు. ఒక్క ఫొటో కూడా దొరకలేదు. ఆ తల్లి మొహం తను చెరిపేసినట్టే అనిపించి అన్నం సహించలేదు.

మర్నాడు కంపెనీ యజమాని పద్మలత ముందు నిలబడి, జరిగింది దాచకుండా చెప్పాడు.

“ముందే ఒకాయన వచ్చి చెప్పిండు మేడం. నేనే ఇనలే. కొలువు కోసం వచ్చిండని ఎల్లగొట్టిన. ఆయన్ను దొరకబట్టి మాఫీ అడగాలె. ఫోన్ నంబర్ గూడ తీసుకోలే. సుందర్ రావు అట, డోర్నకల్.”

పద్మలత చేతిలోని కప్పు కింద పెట్టింది.

“ఆయన ఈడికొచ్చిండా? హెల్ప్ మంచిగ లేదన్నడా?”

“ఔ మేడం. ఆయన మీకు ఎరుకేనా?”

“ముసలి కళాకారుల పాటలు, కథలు రికార్డు చేసి దాచే సంస్థ ఒకటుండె. ఆయన అండ్ల కంప్యూటర్ ఆపరేటర్. నువ్వు చేరిన కొత్తల ఇదే హెల్ప్ చదివి ఆయన మిర్రర్ కొడితే ఆ గొంతులన్నీ పోయినయి. పాడినోళ్లు చానమంది అప్పటికే లేరు.”



“నాకీ ముచ్చటే తెల్వదు మేడం. తర్వాతేమైంది?”

“వాళ్ల పెద్దమనుషులు మన మీదికొచ్చిన్రు. ఆ హెల్ప్ రాసినోన్ని తీసేయుండ్రి, లేకుంటే కేసేస్తమన్నరు. కొత్తగ చేరిన పిల్లగాడని ఎంత చెప్పినా ఇనలే. ఇగ నిన్ను తీసేద్దామనే అనుకున్న. అప్పుడు వాళ్ల పక్కన కూసున్న సుందర్ రావు లేచి, ‘హెల్ప్ మంచిగనే ఉంది, నేనే చదువకుండ కొట్టిన’ అన్నడు. ఆ ఒక్క మాటకు ఆయన కొలువు పోయింది, నీది నిలవడ్డది.”