సగంలో ఆగిన జవాబు

"ఎవరావిడ?" అంటూ ఆమె భర్త ఫోనునే అతని మొహం ముందు పెట్టింది.

ఫ్రిజ్ మెకానిక్ అయిన అతను స్క్రూడ్రైవర్ పక్కన పెట్టాడు. "ఏ ఆవిడ?"

"నేను గదిలోకి రాగానే ఫోను బోర్లా పెడతావు. రిపేర్ల ప్రశ్నలకి జవాబులు రాసే సైటన్నావు. మరి ఈ డ్రాఫ్టులేంటి? ‘బాధపడకండి, తప్పు మీది కాదు’ అట. ఫ్రిజ్ చల్లబడటం లేదంటే రాసే జవాబేనా ఇది?"

"ఆవిడెవరో నాకూ తెలీదు. పేరు రాయలేదు. వాళ్ళాయన ఇంటికొస్తే నోరు విప్పడట. తనేం తప్పు చేసిందో చెప్పమని అడిగింది."

ఆమె, తెలిసే నాటకమాడుతున్నాడా అని అతని కళ్ళలోకి చూసింది. అక్కడ అలాంటిదేం కనపడలేదు.

"మరి ఒక్కటీ పూర్తిచేసి పంపలేదేం?" ఇంకా నమ్మకం కుదరక అడిగింది.

"వాళ్ళాయన్ని కడిగిపారేద్దామనే మొదలుపెడతాను. సగానికొచ్చేసరికి ఆ మనిషి అచ్చం నాలాగే కనిపిస్తాడు. ఇంకేం రాస్తాను? సేవ్ చేసి మూసేస్తాను."

ఆమె ఫోను అతని చేతికిచ్చి, విప్పదీసిన మోటారు పక్కనే చతికిలబడింది.

"రాయొద్దులే, నోటితో చెప్పు. అడిగిన మనిషి ఎదురుగానే ఉంది."