పశువుల క్యాంపులో గంట

ఆ కరువు ఏడాది ఊరి బయట పెట్టిన పశువుల క్యాంపులో గడ్డికి లోటు లేదు. లేనిదల్లా నీళ్ళే. గడ్డి ఇచ్చే శాఖ వేరు, నీళ్ళు తోలే శాఖ వేరు. డీజిలు ఎవరు పోయించాలో తేలక ట్యాంకరు ఆఫీసు ముందే నిలిచిపోయింది. మిగతా రైతులు విసిగిపోయి పశువులను ఇళ్ళకు తోలుకుపోయారు. నాగప్ప ఎద్దు లేవలేకపోయింది.

మర్నాడు మంత్రి వస్తున్నాడని క్యాంపు అధికారి డేరాలో మకాం వేశాడు. లోపల నీళ్ళ క్యాన్లు వరసగా ఉన్నాయి.

"సార్, ఎద్దు దప్పికతో చచ్చిపోతాండాది. ఒక బిందె నీళ్ళియ్యండి," అని మొత్తుకున్నాడు నాగప్ప.

"నీళ్ళు నా పని కాదయ్యా."

పొద్దుగూకేసరికి ఎద్దు గడ్డిమోపు పక్కనే ప్రాణం విడిచింది. దాని మెడలో గంట విప్పి, తువ్వాల్లో మూట కట్టి, తలకింద పెట్టుకుని పడుకున్నాడు నాగప్ప. కడుపు మండి నిద్ర పట్టలేదు.

అర్ధరాత్రి, ఎండిన నీళ్ళ తొట్టి దగ్గర గంట మోగింది. తన ఎద్దు గంటే. టార్చి వేసి మూట తడిమి చూశాడు. గంట అందులోనే ఉంది.

గరుకు నాలుక ఏదో తొట్టి సిమెంటును చాలాసేపు నాకింది. ఆగింది. గంట చప్పుడు మెల్లగా డేరా వైపు కదిలింది. లోపల క్యాను దబ్బున పడింది.

"నాగప్పా! ఏదో లోపలికొచ్చింది! లైటు తీసుకుని రా!" డేరాలోంచి అధికారి అరిచాడు.

నాగప్ప చేతిలో టార్చి వెలుగుతూనే ఉంది.

"అది నా పని గాదు సార్," అని ఆర్పేశాడు.