నంబరు లేని సంచి

ఆదివారం పొద్దున ఓంప్రకాశ్ తన కిరాణా కొట్టు షట్టర్ తీయలేదు. ట్రాలీ ఆటో మాట్లాడుకుని గల్లీలోని పొడి చెత్త సంచులన్నీ ఎక్కించాడు. ఏది ఎవరిదో తెలియడానికి మార్కర్‌తో ఇంటి నంబర్లు వేశాడు.

"ఊరందరి చెత్త మీకెందుకండీ? మున్సిపాలిటీ బండి రాదా?" అంది భార్య స్నేహలత.

"సేవ చేస్తున్న. జర పుణ్యమొస్తది."

సేవ కాదు. మూలమీద సూపర్‌మార్కెట్ తెరిచి నాలుగు నెలలైంది. బేరం సగానికి పడిపోయింది. మొహం మీద అడిగితే అందరూ "నీ దగ్గర్నే కొంటున్నం సేటూ" అంటారు. చెత్తకు అబద్ధమాడటం రాదు. గల్లీలోని పదకొండు ఇళ్ళలో ఆరు తన గిరాకీగా నిలబడితే కొట్టు ఉంచాలి. లేకపోతే దసరాకు ముందే ఖాళీ చేయాలి.

కాశిబుగ్గ దాటాక రీసైక్లింగ్ సెంటర్. అక్కడ పనిచేసే సోమక్క ఒక్కో సంచీ గుమ్మరించి వేరు చేస్తోంది. ఓంప్రకాశ్ పక్కనే నిలబడ్డాడు.

మొదటి సంచిలో తన కొట్టు ముద్ర ఉన్న కాగితం కవర్లు. రెండోదాంట్లో సూపర్‌మార్కెట్ పచ్చ కవర్లు. నంబరు చూశాడు. రమాకాంత్ ఇల్లు.

"లాక్‌డౌన్ల షట్టర్ కిందికెల్లి బియ్యమిస్తి గదరా నీకు!"

"చెత్తతోని మాట్లాడుతానవా సేటూ?" సోమక్క నవ్వింది.

ఐదు ఇళ్ళు పోయాయి. ఆరు నిలిచాయి. కొట్టు గండం గడిచింది. ఓంప్రకాశ్ ఊపిరి పీల్చుకున్నాడు.

"ఇంకోటున్నది," అంటూ సోమక్క చివరి సంచి విప్పింది.

అన్నీ పచ్చ కవర్లే. కందిపప్పు, చాయపత్తి, సబ్బులు. ఆఖరికి కారప్పొడి కూడా. తన ముద్ర ఒక్కటీ లేదు.

ఓంప్రకాశ్ మొహం మాడిపోయింది. గోనెల అడుగున మిగిలిన పప్పు, ఎవరూ కొనని నూక, అన్నీ ఆ ఇంటికే పంపేవాడు. ఇన్నేళ్ళలో ఒక్కనాడూ వంక పెట్టలేదు వాళ్ళు. ఎవరు పోయినా ఆ ఇల్లు పోదని లెక్కలోకే తీసుకోలేదు.

"ఎవలో గని, నీ సరుకు ముట్టనే ముట్టరు గదా!" సోమక్క సంచిని అటూ ఇటూ తిప్పింది. "దీనికి నంబరేది సేటూ?"

ఓంప్రకాశ్ పచ్చ కవర్లన్నీ ఏరి మళ్ళీ సంచిలో కుక్కసాగాడు.

పొద్దున నంబర్లు వేస్తూ, ఇది గుర్తుపట్టలేనా అని అతను వదిలేసిన సంచి ఒక్కటే, తన ఇంటిది.