చొక్కాలో గుంట

"చొక్కా విప్పమంటే వినిపించట్లేదా? గుంటకి ఒళ్ళు చల్లబడిపోతోంది!" సిస్టర్ సుమ కసిరింది.

పిల్లల వార్డు గుమ్మం దగ్గర ఆ మనిషి పాత తువ్వాల్లో చుట్టిన పసికందును పట్టుకుని బిక్కమొహం వేశాడు. నెలలు నిండని ఆడపిల్ల, పద్నాలుగు వందల యాభై గ్రాములు. కొండ మీంచి డోలీలో దించిన తల్లి చిట్టెమ్మకు కాన్పయ్యాక రక్తం ఆగలేదు. అంబులెన్సులో హడావిడిగా విశాఖ పంపేశారు. సుమ డ్యూటీ ఎక్కేసరికి వరండాలో మిగిలింది ఈ మనిషి, ఈ పిల్ల, ఒక రాజ్మా మూట.

"పసిపిల్లల్ని వెచ్చగా ఉంచే వార్మర్లు రెండే ఉన్నాయి, రెండింట్లోనూ పిల్లలున్నారు. దీన్ని గుండెకి ఆనించుకుని కూర్చోవాలి. చుట్టాల్ని లోపలికి రానివ్వం. తల్లి, లేకపోతే తండ్రి. రా, బేగి!"

అతను వెనక్కి తిరిగి చూశాడు. ఎవరూ లేరు. చేతుల్లోని పిల్లను చూశాడు. లోపలికి వచ్చి చొక్కా విప్పాడు. కుడి భుజం మీద డోలీ కర్ర ఒరుసుకుని తోలు లేచిపోయి ఉంది. పెళ్ళాన్ని మోసుకొచ్చాడన్నమాట అనుకుని సుమ కాస్త మెత్తబడింది. పిల్లను ఛాతీకి ఆనించి, గుడ్డతో కట్టి, పైన చొక్కా తొడిగింది.

"నీ పేరేంటి?"

"భీముడమ్మా."

"ఆ మూటేంటి? ఇదేమన్నా సంతనుకున్నావా?"

భీముడు మూటను కాలితో మంచం కిందికి తోశాడు.

ఆ రోజు నుంచి అతను ఆ కుర్చీకి అతుక్కుపోయాడు. కునుకు తీసినా కూర్చునే. పక్క మంచం తల్లి తన పాలు పిండి ఇస్తే, చెంచాతో చుక్క చుక్కగా పోసేవాడు. పన్నెండు మంచాలకు ఒక్కతే నర్సు కావడంతో సుమకు కాళ్ళు పీకుతుండేవి, నోరు ఊరికే లేస్తుండేది. అయినా అతణ్ణి చూస్తే ముచ్చటేసేది. ఒక్క సంగతి మాత్రం మింగుడుపడేది కాదు.

"ఏమయ్యా, ఆవిడ బతికిందో లేదో ఒక్కసారైనా అడగవే?"

"ఆవిడికి పెద్దాసుపత్రుంది కదమ్మా. ఈ గుంటకెవులున్నారు?"

రాయి లాంటి మనిషి అనుకుంది సుమ.

పదో రోజు భీముడు మెల్లగా మాట కదిపాడు. "ఇంకెన్నాళ్ళమ్మా? ఇంటికాడ పసుపు తవ్వాల."

సుమకది వరసగా రెండో డ్యూటీ. ఒళ్ళు మండిపోయింది. "కన్నబిడ్డ కంటే పసుపెక్కువైందా నీకు? ఈ చలిలో నువ్వు దించేస్తే ఇది బతుకుతుందా?"

భీముడు తల దించుకున్నాడు. మళ్ళీ పసుపు మాట ఎత్తలేదు. అన్నాక సుమకే మనసు చివుక్కుమంది గానీ, సర్దిచెప్పే ఓపిక కూడా మిగల్లేదు.

పదహారో రోజు తూకం పదహారు వందల అరవై చూపించింది. డాక్టరు ఇంటికి పంపేయమన్నాడు. అదే సమయానికి ఆయా పరుగెత్తుకొచ్చింది.

"సిస్టరమ్మా, చిట్టెమ్మని విశాఖ నుంచి తెచ్చీసినారు. బాగానే ఉందట. కిందన బండి దిగతన్నాది."

సుమకు కళ్ళు చెమర్చాయి. భీముడు గుడ్డ ముడి విప్పి, పిల్లను ఆమె చేతుల్లో పెట్టాడు. ఖాళీ అయిన ఛాతీని ఒకసారి తడుముకుని, గుండీలు పెట్టుకున్నాడు. మంచం కింది నుంచి మూట లాగి భుజానికెత్తుకున్నాడు.

"అదేంటి, అప్పుడే బయల్దేరావు? ఆవిణ్ణి పైకి రానీ. ముందు తండ్రి పేరు రాయాలి, ఇంటిపేరుతో చెప్పు" అంది సుమ, రిజిస్టరు తెరిచి.

"గుంట అయ్య ఆవిడితోనే బండెక్కీసినాడు. ఇప్పుడు కిందనే ఉంటాడు కదమ్మా, ఆడినే అడగండి."

సుమ చేతిలో పెన్ను ఆగిపోయింది. "మరి నువ్వెవరివి?"

"డోలీకి ఒక భుజం తక్కువైందని దారిలో పిలిసినారమ్మా."