తప్పుల గడి

“ఈ గడి మల్ల ఖాళీనే పెట్టినవు! ఎన్నిసార్లు చెప్పాలయ్యా నీకు?”

ఆత్మారాం పాఠం ప్లాన్ కాగితాన్ని బల్ల మీద విసిరికొట్టినంత పని చేశాడు. కొత్త పంతుళ్లకు పాఠం చెప్పడం నేర్పమని పంచాయతీ సమితి ఆయన్ని పంపింది. బోధన్ చుట్టుపక్కల బడులన్నీ సైకిల్ మీద తిరగలేక ఆయనకు తలప్రాణం తోకకొస్తోంది. మిగతా బడులన్నీ ఒక ఎత్తు, కోటగిరి అవతల ఉన్న ఈ ఒక్క బడీ ఒక ఎత్తు! ఇక్కడి పంతులు రాజమల్లు బుద్ధిమంతుడే, కాదనడానికి లేదు. చెప్పింది చెప్పినట్టు చేస్తాడు. చెప్పకపోతే మాత్రం ఇక్కడి పుల్ల తీసి అక్కడ పెట్టడు.

రేపే ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడు. పాఠం విని ఆయన మెచ్చుకుంటేనే రాజమల్లు ఉద్యోగం ఖాయమవుతుంది. లేదంటే మూటాముల్లె సర్దుకోవలసిందే.

ఆ కాగితం మీద మూడు గడులున్నాయి. పంతులు అడిగే ప్రశ్న, పిల్లలు చెప్పబోయే తప్పు, ఆ తప్పు దిద్దాక రావలసిన సరైన జవాబు. ఆ పద్ధతి అచ్చంగా ఆత్మారాం బుర్రలో పుట్టింది. అందులోనూ నడిమి గడి అంటే ఆయనకు మహా ముద్దు.

“పోరగాండ్లు ఏం తప్పు చెప్తరో నాకెట్ల ఎరుక సార్? చెప్పినంక కదా తెలిసేది?” అన్నాడు రాజమల్లు దీనంగా.

“అగో! ముందుగాల ఊహించాలె. గందుకే కదా ప్లాన్! రేపటి పాఠమేంది?”

“నిజాంసాగర్ కాలువ సార్.”

“నీళ్లు ఏ దిక్కుకు పారుతయని అడుగు. గోడకు పటం ఉన్నది కదా. పటంల నిజాంసాగర్ కింద, బోధన్ మీద. నీళ్లు మీదికెట్ల పోతయ్, కిందికే పోతయ్ అనుకుంటరు పిల్లలు. దక్షిణానికి అంటరు. రాయి!”

రాజమల్లు కలం పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఆత్మారాంకు ఒళ్లు మండిపోయింది. కలం లాక్కుని ఆ గడి తానే నింపేశాడు.

“ఇగ ఒక్కటే మాట. కాగితం మీద ఏమున్నదో క్లాసుల గదే జరగాలె. జర అటిటైనా ఇన్‌స్పెక్టర్ ఊకోడు. సమజైందా?”

“మంచిగ సమజైంది సార్!”

ఎన్నడూ లేనిది ఇంత తొందరగా ఎలా సమజైందని ఆత్మారాంకు ఆశ్చర్యమే వేసింది. కానీ అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది. మళ్లీ అడిగే ఓపిక లేకపోయింది.

మర్నాడు ఇన్‌స్పెక్టర్ ఆ కాగితం పట్టుకుని వెనక కుర్చీలో కూర్చున్నాడు. పక్కనే ఆత్మారాం. చెరుకు కొట్టే రోజులు కావడంతో పిల్లలు సగమే వచ్చారు.

రాజమల్లు ప్రశ్న అడిగీ అడగక ముందే సాయవ్వ అనే పిల్ల దిగ్గున లేచింది. “దక్షిణానికి సార్! పటంల గదే కిందికున్నది కదా!”

ఇన్‌స్పెక్టర్ కాగితం చూశాడు. పిల్లను చూశాడు. “భేష్! పిల్లలు చేసే తప్పు ఇంత కచ్చితంగా ముందే పసిగట్టారే! ఈ పద్ధతి అన్ని బడుల్లోనూ పెట్టాలండీ” అన్నాడు. ఆత్మారాం ఉబ్బితబ్బిబ్బయిపోయాడు.

రాజమల్లు పటం ముందు నిలబడి నేల వాలు సంగతి చక్కగా విడమరిచి చెప్పాడు. “ఇప్పుడు చెప్పుండ్రి. నీళ్లు ఏ దిక్కుకు పారుతయ్?”

ఎవ్వరూ లేవలేదు. రాజమల్లు మళ్లీ అడిగాడు. మూడోసారి అడుగుతూ వాకిలి వైపు చూశాడు. ఒక్క పిల్లా నోరు విప్పదే!

“ఇంత చెప్పినా ఒక్కరికీ ఎక్కలేదంటే మీరేం చెప్పినట్టు?” ఇన్‌స్పెక్టర్ మొహం మాడ్చుకుని కలం తీశాడు.

ఆత్మారాం ఇక ఆగలేకపోయాడు. పళ్లు కొరుక్కుంటూనే సాయవ్వ దగ్గరికి వెళ్లి, గొంతు తగ్గించి బతిమాలాడు. “బిడ్డా, ఇందాక నువ్వు తప్పు చెప్పినవు, సారు దిద్దిండు కదా. భయపడకు తల్లీ, ఇప్పుడు ఒప్పు చెప్పు.”

సాయవ్వ రాజమల్లు వైపు ఒకసారి, ఆత్మారాం వైపు ఒకసారి చూసింది.

“ఉత్తరానికని నాకు ముందుగాలనే ఎరుక సార్, మా పొలం కాలువ ఒడ్డుకే ఉన్నది. కానీ నా వంతుకొచ్చింది మీరు రాసిన తప్పు, ఒప్పు చెప్పేటోడు ఆల్ల బాపు ఎంబడి చెరుకు బండి మీద పోయిండు!”