తొమ్మిదో మెట్టు

“కూర్చోమంటే వినరేం?” ఎయిర్‌పోర్టు కౌంటరు ముందు చక్రాల కుర్చీని భర్త కాళ్ళకు ఆనించి ఆమె పళ్ళు నూరింది.

“కూర్చోను. గేటు దాకా నడుస్తాను.”

“గుండె కోసి కుట్టి మూడు నెలలు కాలేదు! క్రిస్మస్‌కి మిమ్మల్ని ఇంటికి చేర్చనా, దారిలో ఆసుపత్రిలో చేర్చనా?”

ఆయన కదల్లేదు. ముప్పై ఏళ్ళు పరాయి దేశంలో ఉన్నా ఆ మొండితనం మాత్రం అరగలేదు. వెనక వరుసలో జనం గొణుగుతున్నారు. విమానానికి ఇక ఎంతోసేపు లేదు.

కుర్చీ తెచ్చిన తెలుగమ్మాయి దానికి కట్టిన చీటీ చూసింది. “ఇది సార్ పేరు మీద లేదమ్మా. మీ పేరు మీద ఉంది.”

“నా పేరు మీదేమిటి? రోగి ఆయనైతే!”

“నేనే రాయించాను,” అన్నాడాయన, నేల చూపులు చూస్తూ.

“నాకేం రోగం?”

“మేడ మీద మంచాన పడున్నన్నాళ్ళూ నాకు చెవులే పని. మందులు తెస్తూ రోజూ తొమ్మిదో మెట్టు దగ్గర ఆగేదానివి. మోకాలు పట్టుకుని, ‘వచ్చేశా, వచ్చేశా’ అని కేకేసేదానివి. నాకు తెలీదనుకున్నావా?”

ఆ కేక చాటున నొప్పి దాగిందనే ఇన్నాళ్ళూ అనుకుంది ఆమె. కుర్చీలో కూర్చుంది.

అమ్మాయి కుర్చీ తోసింది. ఆయన వెనకే నడిచాడు. గేటు కనబడుతుండగా అడుగుల చప్పుడు ఆగింది.

“వచ్చేశా, వచ్చేశా!” వినబడింది వెనక నుంచి.

“అమ్మాయీ, ఆపు!” అంటూ ఆమె కుర్చీలోంచి లేచింది.